పొడి నిండుకుంది

“రంగు పోగొట్టడానికొచ్చానండి.”

పాలకొల్లు శివార్లలోని అద్దకం షెడ్డు గుమ్మంలో నిలబడి యుగంధర్ అన్న మొదటి మాట అది. ఎర్రరంగులో నూలు ముంచుతున్న సూర్యకళ చేతులు ఆగిపోయాయి.

“మా నాన్నగారి రోజుల నుంచీ మా రంగు పోయిందని ఒక్కరూ అనలేదండి. పొద్దున్నే ఏంటండీ ఆ మాట?”

“అయ్యో, నూలుది కాదండి! మీరు పారబోసే నీళ్లది.”

ఆ నీళ్లు మళ్లీ కాలవలో కలిస్తే షెడ్డు మూయిస్తామని అధికారులు చెప్పి వెళ్లారు. తండ్రి పోయాక సూర్యకళకు మిగిలింది ఆ షెడ్డూ, దాని వెనకున్న ఇల్లే. రాజమండ్రిలో పరిశోధన చేస్తున్న యుగంధర్ దగ్గరేమో ఒక తెల్లని పొడి ఉంది. ఆ నీళ్లు నిలిపే కుండీలో కలిపి ఎండ తగలనిస్తే, తాను కరగకుండానే రంగును విరగ్గొడుతుంది.

“క్యాటలిస్ట్ అంటారండి. పని చేయించి, తను పక్కకు తప్పుకుంటుంది.”

“పాపం, ఎవరికీ చెందదన్నమాట.”

యుగంధర్‌కు నవ్వు రాలేదు. ఐదో ఏట తల్లి పోయింది. అప్పటి నుంచీ అన్నీ హాస్టళ్లే.

కుండీ కడిగినప్పుడల్లా పొడి కొంత కొట్టుకుపోయేది. అయిపోగానే ఫోన్ చెయ్యమన్నాడు. ఆ ఫోన్ కోసం గదిలో ఒంటరిగా ఎదురుచూసేవాడు.

ఒక సాయంత్రం మోగింది.

“పొడి నిండుకుందండి,” అంది సూర్యకళ, కాస్త సిగ్గుగా.

“నిండుగా ఉందా? అయితే నాతో పని లేదన్నమాట. మంచిదండి.”

ఎగతాళి చేస్తున్నాడనుకుని ఆమె ఫోన్ పెట్టేసింది. కుండీలో ఎర్రనీళ్లు అంచుదాకా ఉన్నాయి. ఆకాశంలో మబ్బులు. వానొస్తే పొంగి కాలవలోకే. దేవుడి ముందు దీపం పెట్టి, తన ఒక్కదానికీ అన్నం వండుకుంది. తినబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే, కొత్తగా చేరిన మెస్‌లో వడ్డించే సంపూర్ణమ్మ గారు యుగంధర్‌తో అన్నారు.

“చట్నీ నిండుకుంది బాబూ.”

“నిండుకుంటే వెయ్యండి మరి!”

ఆవిడ పడీపడీ నవ్వారు. “ఎక్కడ పెరిగావయ్యా? అయిపోయిందని! లేదని నోటితో అంటే లక్ష్మీదేవి వినదూ?”

లేనిదాన్ని నిండిందనడం అబద్ధమా, ప్రార్థనా? పెద్దలే చెప్పాలి. యుగంధర్ మాత్రం ఇడ్లీ వదిలేసి ల్యాబ్‌కు, అక్కడి నుంచి బస్సుకు పరుగెత్తాడు.

“పని లేదన్నారుగా, ఎందుకొచ్చారు?” సూర్యకళ మొహం తిప్పుకుంది.

“నాకు తెలుగు రాదండి. ఇంటి తెలుగు.”

చట్నీ సంగతి విని ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఇద్దరూ పొడి కలిపారు. మబ్బుల మధ్య నుంచి ఎండ జారింది. మధ్యాహ్నం దాటేసరికి ఎరుపు వెలిసి నీళ్లు తేటపడ్డాయి.

“ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయాండి?”

“బోలెడు. పుస్తకాల్లో దొరకవు. ఇంట్లో మనుషుల మధ్య ఉంటే వస్తాయి.”

“ఎవరింట్లోనండి?”

సూర్యకళ రెండో పీట వాల్చడానికి లోపలికి వెళ్లింది.