ఏడు ముడుల మొలతాడు

సౌదీలో, ఉనైజాలోని ఆ ఇంట్లో వేసవి సెలవులు వచ్చాయంటే తెల్లవారేది పదింటికే. వేకువ నమాజు చేసుకుని మళ్లీ పడుకున్న ఇల్లు అప్పటిదాకా మెసలదు. మహబూబ్బీకి మాత్రం ఐదింటికే మెలకువ వచ్చేస్తుంది. ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో నలభై ఎనిమిదేళ్లు పొద్దు పొడవకముందే లేచిన ఒళ్లు, పరాయి దేశంలో రెండేళ్లు పనిచేసినంత మాత్రాన మారుతుందా? కాఫీకి యాలకులు దంచిపెట్టుకుని, ఇల్లంతా నిద్రపోతుంటే వంటింట్లో ఒక్కతే కూర్చుని ఆశ్చర్యపోతూ ఉంటుంది. ఆశ్చర్యపోవడానికి ఆ ఇంట్లో కొదవ లేదు.

గుక్కెడు పట్టని కప్పుల్లో కాఫీ పోస్తారు. చాలనుకుంటే నోటితో చెప్పకూడదట, కప్పును అటూ ఇటూ ఊపాలట. ఆ సంగతి తెలియక వచ్చిన కొత్తలో, ఒక పెద్దావిడ మర్యాదగా పోస్తుంటే కాదనలేక పదకొండు కప్పులు తాగి, కడుపు పట్టుకుని ఇల్లు చేరింది. ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే బాగున్నావా అన్న ఒక్క ప్రశ్ననే పది రకాలుగా అడుగుతారు, జవాబు కోసం మాత్రం ఆగరు. మహబూబ్బీ వీటన్నిటికీ అలవాటు పడింది. ఒక్కదానికే పడలేకపోయింది. ఆ ఇంటి పిల్లకు మొలతాడు లేదు.

పిల్ల పేరు లమా. రెండేళ్లది. మదామ్ నూరా బడికి పాఠాలు చెప్పడానికి పోతే, పురిటి వాసన పోకముందు నుంచీ దాన్ని పెంచింది మహబూబ్బీయే. నడుముకు నల్లదారం లేదు, బుగ్గన కాటుక చుక్క లేదు. చూసినవాళ్లు దిష్టి తగలకుండా 'మాషా అల్లా' అని ముద్దు పెట్టుకుని వెళ్తారు. మాట మంచిదే, కాదనలేం. అయినా మొలతాడు మొలతాడే కదా!

పోయిన వారం ఒక పెళ్లికి వెళ్లి వచ్చిన దగ్గర్నుంచి లమా అన్నం ముట్టలేదు, నిద్రపోలేదు, ఒకటే ఏడుపు. డాక్టరు దవడ పళ్లు వస్తున్నాయన్నాడు. మహబూబ్బీ నమ్మలేదు. గులాబీరంగు గౌను వేసుకున్న పిల్లను అన్ని వందల కళ్లు చూశాయి, ఇంక డాక్టరుతో పనేముంది? నిన్న సాయంత్రం కుట్టుపెట్టెలోంచి నల్లదారం తీసి, నాలుగు పేటలు పురిపెట్టి, తన తండ్రి చిన్నప్పుడు నేర్పిన ప్రార్థన చదువుతూ, ఒక్కో ముడి వేసి ఊదుతూ, ఏడు ముడులు వేసింది. స్నానం చేయించి, చొక్కా కిందికి వచ్చేలా పిల్ల నడుముకు కట్టింది. బిడ్డకు మేలు చేశానన్న తృప్తితో వెళ్లి పడుకుంది.

పొద్దున పదిన్నరకు నూరా కేక వినబడింది.

మహబూబ్బీ చేతిలో పిండితోనే పరుగెత్తింది. మంచం మీద లమా బట్టల్లేకుండా నిలబడి, నడుముకున్న దారాన్ని లాగి ఆడుకుంటోంది. నూరా పామును చూసినట్టు గోడకు అంటుకుపోయి ఉంది.

"ఇది నువ్వేనా కట్టింది?"

"నేనే మదామ్. బిడ్డ మంచికి."

రెండేళ్లలో ఆమె నేర్చిన అరబ్బీ వంటింటికి సరిపోయేది. మంచికి అన్న మాట దాకా వచ్చి, అక్కడితో అయిపోయింది.

నూరా ఇంకో మాట వినలేదు. నేరుగా పనిమనిషి గదికి వెళ్లి, మంచం కింది రేకుపెట్టె బయటికి లాగింది. బట్టల అడుగున ఒక ప్లాస్టిక్ కవరు దొరికింది. విప్పితే లోపల ఉండలు చుట్టిన వెంట్రుకలు. నల్లవి, నెరిసినవి, కొన్ని పిల్లవి, మెత్తగా గోధుమరంగులో. నూరా కవరు కింద పడేసి, తోటలో ఖర్జూరం కోత చూసుకుంటున్న భర్త సాలెహ్‌కు ఫోన్ చేసింది. అతని గొంతు గది అంతటికీ వినబడింది. పోలీసు అన్న మాట మహబూబ్బీకీ అర్థమైంది. ఆ భయం ఏ భాషలోనైనా ఒకటే.

"గంటలో వస్తాడట," అని, నూరా డ్రైవర్ ఫారూఖ్‌ను పిలిపించింది. తను కవరుతో సహా పిల్ల ఉన్న గదికి వచ్చి, తల మీద గుడ్డ సర్దుకుని, లోపలి నుంచే మాట్లాడింది. రాయచోటి నుంచి వచ్చిన ఫారూఖ్ తలుపు అవతల తల వంచుకుని నిలబడ్డాడు. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్నాడు, అరబ్బీ ధారాళంగా వచ్చు.

"చిన్నమ్మా, ఎంత పని చేస్తివి?"

"ఏం జేసినా నాయనా? బిడ్డకు దిష్టి తగిలుంటే మొలతాడు కడ్తి."

"ఈడ దాన్ని మొలతాడనరు. చేతబడి అంటారు. ముడులేసిన దారం, దాచిపెట్టిన ఎంటికలు. ఇంగేం కావల్ల వీళ్లకు? కేసయితే నిన్ను నేను గాదు, ఎవురూ ఇడిపీలేరు."

చేతబడి అన్న మాటకు మహబూబ్బీ తలుపు పట్టుకుని నేల మీద కూలబడింది. ఊళ్లో ఎవరింటి బిడ్డకు జ్వరమొచ్చినా తనను పిలుచుకుపోయేవారు. అలాంటి తనను మంత్రగత్తె అంటున్నారు! తను ఆ బిడ్డకు కీడు తలపెట్టలేదని ఆ తల్లిని నమ్మించాలి. ఎలా నమ్మించాలో తెలియడం లేదు. చెప్పే ప్రతి నిజమూ ఎదురే తిరుగుతోంది.

"ఎవరు కట్టమన్నారు?" అడిగింది నూరా.

"ఎవురూ చెప్పలేదు. నేనే."

"ఏడు ముడులు ఎందుకు?"

"మాయమ్మ ఏడే ఏస్తాన్నింది."

"వాటి మీద ఊదావా?"

"ఊదినా."

ఫారూఖ్ నుదురు కొట్టుకున్నాడు. "ఆ మాట చెప్పలేను చిన్నమ్మా. నీకు దండం పెడతా, ఊదలేదని చెప్పు."

"ఊదింటే ఊదలేదని ఎట్ల చెప్పేది నాయనా? పసిబిడ్డ విషయంలో అబద్ధమాడితే నోట్లో పురుగులు పడవా?"

అతను అరబ్బీలో ఏదో చెప్పాడు. నూరా ముఖం చూస్తే ఉన్నదున్నట్టే చెప్పాడని తెలిసిపోయింది.

"మరి ఈ జుట్టు?"

"మా పక్క దువ్వెనకొచ్చిన ఎంటికలు పారెయ్యరు. అన్నంలో పడతాయని ఉండజేసి గోడసందులో పెడ్తాం. స్టీలుసామాన్లాయప్ప వస్తే తీసుకోని గిన్నె ఇస్తాడు. ఈడ గోడసందులు ల్యాకపాయె, అందుకని కవర్లో ఏస్తి."

ఫారూఖ్ తికమకపడుతూ అరబ్బీలోకి మార్చాడు. వెంట్రుకలు తీసుకుని గిన్నెలిచ్చే మనుషులు కూడా లోకంలో ఉంటారా అన్నట్టు నూరా అతన్ని ఎగాదిగా చూసింది. ఇంకో రోజైతే ముగ్గురూ నవ్వుకునేవాళ్లే.

ఇంతలో పక్క గదిలోంచి చేతికర్ర చప్పుడైంది. సాలెహ్ తల్లి హైలా, ఎనభై దాటిన మనిషి, కళ్లు సరిగా ఆనవు. వచ్చి కుర్చీలో కూర్చుని కవరు ఒళ్లో పెట్టమంది. వేళ్లతో తడిమి, "ఈ పీచు జుట్టు నాది. రోజూ నన్ను దువ్వేది ఈమెగా," అంది. "మా అమ్మ కూడా దువ్వెనలో జుట్టు పారేసేది కాదు, ఖర్జూరం చెట్టు మొదట్లో పాతిపెట్టేది. మీరంతా చెత్తబుట్టలొచ్చాక పుట్టారు, మీకేం తెలుసు?"

"మరి ఆ ముడులు, అత్తమ్మా?"

ముసలమ్మ ఒళ్లోని కవరు తీసి పక్కన పెట్టింది. "ముడుల సంగతి మాత్రం నాకు తెలియదు," అంది. మహబూబ్బీకి ఉన్న ఆ కాస్త ఆసరా కూడా పోయింది.

గడియారం పదకొండున్నర దాటింది. నూరా పిల్ల మీద చల్లడానికి గిన్నెతో నీళ్లు తెచ్చుకుని, పిల్ల తల మీద చేయి పెట్టి, కీడు నుంచి కాపాడమనే ప్రార్థన చదవడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలకే ఆగిపోయింది. చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చిన మాటలే, భయానికి తర్వాతిది గుర్తు రాలేదు. ఆ తర్వాతి మాటను నేల మీద కూర్చున్న మహబూబ్బీ అందించింది. ప్రొద్దుటూరు యాసలో, తప్పుగా పలికినా, చివరిదాకా చదివింది.

నూరా గిర్రున తిరిగి చూసింది.

"ఇదే సదివినా తల్లీ! ఒక్కో ముడికీ ఇదే సదివి ఊదినా. నాకు వేరే మంత్రాలేమీ రావు. చెప్పు ఫారూఖ్, ఆ యమ్మకు చెప్పు నాయనా!"

ఫారూఖ్ చెప్పాడు. నూరా నిర్ఘాంతపోయింది. "దీని అర్థం తెలుసా ఈమెకు?"

"తెలీదు. మా నాయన నేర్పిచ్చె. భయమైతే సదువుకోమన్యాడు."

ఇది కాపాడమని వేడుకునే ప్రార్థన అన్నంతవరకే మహబూబ్బీకి తెలుసు. ఎవరెవరి కీడు నుంచి కాపాడమని అడుగుతున్నదో నలభై ఏళ్లుగా ఎవరూ చెప్పలేదు, తను అడగలేదు. నూరా చెబుతుంటే ఫారూఖ్ తెలుగులో చెప్పాడు, మెల్లగా, ఆమె ముఖం చూడలేక.

"ముడులేసి ఊదేటోళ్ల కాడ్నుంచి కాపాడమని కూడా ఉంది చిన్నమ్మా, అందులో."

మహబూబ్బీ తన వేళ్లకేసి చూసుకుంది. తర్వాత పిల్ల నడుముకేసి చూసింది. ఆ తల్లి ఎందుకు అంతలా కేక పెట్టిందో అప్పుడు తెలిసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"అయ్యో దేవుడా! నా బిడ్డకు ఎవురన్నా ఇట్ల కట్టింటే నేనైనా ఊరుకుందునా? ఆయమ్మ తప్పేముంది?"

నూరా కత్తెర తెచ్చింది గానీ దారాన్ని ముట్టుకోవడానికి భయపడింది. మహబూబ్బీ లేచి, కళ్లు తుడుచుకుని, "కత్తెరొద్దు. నేనేసిన ముడులు నేనే ఇప్పుతా," అంది. అర్థం తెలిసినంత మాత్రాన భయం పోతుందా? నల్లదారం తీసేస్తే పిల్లకు ఏమన్నా అవుతుందేమోనని లోపల పీకుతూనే ఉంది. ఉంచితే ఆ తల్లి బతకదు, తీస్తే తనకు నిద్ర పట్టదు. అయినా పిల్ల ఆ తల్లిది. గోళ్లతో పెరికి, ఏడు ముడులూ విప్పింది. కన్నీళ్లు పిల్ల పొట్ట మీద పడుతుంటే, చక్కిలిగిలి పుట్టి లమా కిలకిల నవ్వింది.

నూరా ఆ దారపు పోగును చూడలేదు. మహబూబ్బీ ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది. ఈ మనిషి పోలీసులకు భయపడి కాదు, పిల్లకు ఏమవుతుందోనని ఏడుస్తోంది. కాసేపటికి ఫోన్ తీసి, "పోలీసులు వద్దు సాలెహ్. తొందరపడి రావద్దు, కోత చూసుకో. నేను తర్వాత చెబుతాను," అంది.

లమా నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మళ్లీ దవడ పట్టుకుని ఏడుపు అందుకుంది. వారం రోజులుగా నిద్ర లేని నూరా ఎత్తుకుని తిప్పింది, ఊపింది, నీళ్లు పట్టింది. ఏడుపు ఆగలేదు. తనకే దుఃఖం పొంగుకొచ్చి ఆగిపోయింది.

"అడుగు ఫారూఖ్. దారం కట్టకూడదంటే, వాళ్ల ఊళ్లో నిద్రపోని పిల్లకు ఇంకేం చేస్తారట?"

మహబూబ్బీ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది.

"ఇంగేం జేస్తాం నాయనా? ఒళ్లో ఏసుకోని కూచ్చుంటాం."

ఫారూఖ్ ఆ మాట చెప్పడం పూర్తి చేయకముందే, నూరా వచ్చి పిల్లను ఆమె ఒళ్లో పడుకోబెట్టింది. తను కూడా పక్కనే, నేల మీదే కూర్చుంది.