వీరమణి తప్పు లెక్కలు

సంగప్ప రొట్టెను దీపం వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. అంచు దగ్గర సన్నగా చీలి ఉంది. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాడు.

"రొట్టెలను గూడ పాస్ చేస్తవా?" పొయ్యి ముందు నుంచే అడిగింది భార్య సోమమ్మ. "చీలిన రొట్టె తింటే కడుపు చీలుతదా ఏంది?"

"అలవాటైపోయిందే. చెయ్యి దానంతటదే పక్కకు వెడుతది."

"గా పక్కకు వెట్టింది నాకియ్యి కొడుకా," అంది మూలన కూర్చున్న తల్లి రాజవ్వ. "పండ్లు లేనిదానికి చీలిందే మంచిగ."

పటాన్‌చెరులో బేరింగులు చేసే ఫ్యాక్టరీలో సంగప్ప పద్నాలుగేళ్లుగా ఇన్స్పెక్టరు. ఇనుప రింగులు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, తిప్పి, కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎర్ర డబ్బాలో పడేయడం అతని పని. అతని బల్ల దాటి వెళ్లిన రింగు మళ్లీ వాపసు రాదని ఫ్యాక్టరీలో పేరు. ఆ పేరంటే అతనికి లోలోపల గర్వం.

బయట బిందె దించిన చప్పుడైంది. కూతురు వీరమణి తడిసిన ఓణీ పిండుకుంటూ లోపలికి వచ్చింది. బొంతపల్లి వీరభద్రుడికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు తొమ్మిదో తరగతి. వాళ్ల ఊరు ఇంద్రేశంలో బోరింగు నీళ్లు నోట పెట్టేలా లేక, తెల్లవారుజామున వచ్చే ట్యాంకరే ఊరందరికీ దిక్కు. నాలుగున్నరకు లేచి వరసలో నిలబడి నాలుగు బిందెలు పట్టుకొచ్చే పని మణిదే.

ఆమె రొట్టె తుంచి కూరలో ముంచింది. ముక్క నోటి దాకా వచ్చి ఆగిపోయింది. కళ్లు ఎటో చూస్తున్నాయి. కూర బొట్టు ఒకటి పావడా మీద పడింది.

"మణీ," అన్నాడు సంగప్ప.

పలకలేదు.

"బిడ్డా, నిద్రవోతున్నవా?"

"ఆఁ... లే నాయినా." గబగబా రెండు ముక్కలు మింగి, సంచీ భుజాన వేసుకుని బస్సుకు పరుగెత్తింది. మొదటి బస్సు డ్రైవరు ఈ మధ్య ఆమె కోసం అర నిమిషం ఆపుతున్నాడు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా సంగప్పకు అతని మీద ఇష్టం కలుగుతుంది.

మూడు వారాల నుంచి ఇదే వరస. హైస్కూల్లో లెక్కల టీచరు కమలాకుమారి మేడం తొమ్మిదో తరగతిలో ఒక పరీక్ష పెట్టి ఎనిమిది మందిని ఏరింది. వాళ్లకు బడికి ముందు రెండు గంటలు, బడి అయ్యాక రెండు గంటలు అదనపు క్లాసులు. ఇంటర్మీడియట్‌లో రావలసిన లెక్కలు ఇప్పుడే చెబుతుంది. పిల్లలు దాన్ని అడ్వాన్సు బ్యాచి అంటారు. మూడు వారాలు చూసుకుని, ఉంటారో మానుకుంటారో శనివారానికల్లా ఇంట్లో మాట్లాడి చెప్పమంది. మానేసినవాళ్ల జాగాలోకి తరువాతి పిల్లలు వస్తారు. ఈ రోజు బుధవారం.

"చూసినవా, ముద్ద నోట్లకు వోతలేదు," అన్నాడు సంగప్ప. "మూడు వారాలకే పిల్ల సగమైంది."

"సగమేం కాలే. ఎదిగే పిల్లలు గట్లనే ఉంటరు. నువ్వు డబుల్ డ్యూటీ చేసి వచ్చిననాడు చెప్పులతోనే పండుకుంటవు. నిన్నెవరన్న నౌకరి ఇడిసిపెట్టమన్నరా?"

"నాది వేరు, దానిది వేరు."

సోమమ్మ పెనం మీది రొట్టెను తిరగేసి గట్టిగా ఒత్తింది.

డ్యూటీకి ఇంకా టైముంది. గూట్లో మణి రాసి నింపేసిన నోటుబుక్కు కనబడితే సంగప్ప తీసి చూశాడు. ప్రతి పేజీ పైన తేదీ, పక్కన పొద్దున క్లాసో సాయంత్రం క్లాసో రాసి ఉంది. ఒప్పైన లెక్కకు మేడం టిక్కు పెట్టింది. తప్పైన దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టింది. ఆ ఎర్ర రంగు చూడగానే అతని చెయ్యి ఊరుకోలేదు. ఖాళీగా మిగిలిన చివరి పేజీలో, రోజూ ఫ్యాక్టరీలో గీసినట్టే, రెండు గడులు గీశాడు. ఒక్కొక్క పేజీ తిప్పుతూ గీతలు పెట్టుకుంటూ పోయాడు.

పొద్దున క్లాసు: నలభై ఒక్క లెక్కలు, తప్పులు రెండు. సాయంత్రం క్లాసు: ఇరవై మూడు లెక్కలు, తప్పులు పదిహేడు.

సంగప్ప నోటుబుక్కు మూసేశాడు. ఇలాంటి పట్టీ అతను వందల సార్లు చూశాడు. షిఫ్టు మొదట్లో మంచి రింగులు తీసిన మిషనే చివరి గంటల్లో వరసగా చెడ్డవి తీస్తుంది. అంటే కోసే టూలు మొద్దుబారిందని అర్థం. అప్పుడు మిషను ఆపాలి. ఆపకుండా తోలితే టూలు విరుగుతుంది.

"మానిపిస్త," అన్నాడు.

సోమమ్మ లేచి వచ్చింది. "ఏందీ?"

"లెక్క చూసిన. మాపటికి పిల్ల తల పనిచేస్తలేదు. ఇరవై మూడిట్ల పదిహేడు తప్పు. రేపు బడికి వోయి మేడంకు చెప్పొస్త."

"దాని తల ఏమన్న నీ మిషనా?" సోమమ్మ గొంతు తగ్గించే అంది. "నేను ఏడు దాక చదివిన. ఎవ్వరు మానేయమన్లే. పొమ్మని గూడ ఎవ్వరన్లే. పత్తి ఏరే దినాలల్ల రెండు వారాలు వోలే, ఇగ పోనే పోలే. అంతే. దాన్ని గట్ల చెయ్యకు."

"నాకు సదువు మీద పగనా సోమా? పిల్ల పానం మీద ఫికరు."

"ఇద్దరిట్ల ఒక్కరన్న పిల్లనడిగినారా?" అంది రాజవ్వ.

"చిన్నపిల్ల, దాన్నేం అడుగుతవే అవ్వా," అని సంగప్ప సైకిలు తీశాడు.

మర్నాడు మధ్యాహ్నం గంట పర్మిషన్ పెట్టి బడికి వెళ్లాడు. కమలాకుమారి మేడం స్టాఫ్ రూములో టిఫిను డబ్బా మూత పెడుతోంది. సంగప్ప నిలబడే విషయమంతా చెప్పి, నోటుబుక్కు చివరి పేజీ తెరిచి ముందు పెట్టాడు.

ఆమె ఆ గడుల వంక చాలాసేపు చూసింది. "చాలా శ్రద్ధగా వేశారు సంగప్ప గారూ. నేను కూడా ఇంత వివరంగా చూసుకోలేదు."

"మా పనే గది మేడం."

"ఇది మణికి చూపించారా?"

"లేదు మేడం."

"అయితే పేరు ఇప్పుడే కొట్టేయను. శనివారం దాకా టైముంది. ముందు తనకు చూపించండి. తర్వాత మీరు ఏది చెబితే అదే."

ఆ సాయంత్రం మణి ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కునేసరికి ముగ్గురూ ఆమె కోసమే ఎదురుచూస్తున్నట్టు కూర్చుని ఉన్నారు. సంగప్ప నోటుబుక్కు చాప మీద పెట్టాడు. నెమ్మదిగానే మొదలుపెట్టాడు. ఆమె మీద కోపం లేదని, తెలివి లేదని కాదని, అలసిపోతోందని, పదో తరగతి దాకా మామూలు క్లాసులే చాలునని చెప్పాడు.

మణి చివరి పేజీ చూసింది.

"నన్ను రిజెక్ట్ చేసినవా నాయినా?"

"గట్ల కాదు బిడ్డా..."

"గట్లనే ఉన్నది గద. పొద్దున మాలు మంచిది, మాపటి మాలు ఎర్ర డబ్బల." కళ్లు తుడుచుకుంది. "నువ్వు లెక్కలు ఎన్ని తప్పయినయో చూసినవు. గవి ఏం లెక్కలో చూసినవా?"

సంగప్ప నోటుబుక్కు మొదటి పేజీలు మళ్లీ తిప్పాడు.

"పొద్దుగాల మేడం మాకు వచ్చినయే మళ్ల చేయిస్తది. గవి కండ్లు మూసుకొని చేస్త. మాపటికి ఎవ్వలకు రానియి ఇస్తది. జవాబు చెప్పది. సున్నా చుట్టి ఇంటికి తోలుతది. ఎనిమిది మందికి ఎనిమిది సున్నాలు. బస్టాండ్ల నిలవడి గూడ గదే మాట్లాడుకుంటం. నాది ఏడ తప్పిందో ఇంకొకరు చెప్తరు, వాళ్లది నేను చెప్త. మస్తు నవ్వుతం."

"తప్పు వోతే నవ్వుతరా?"

"తెల్వది నాయినా. నవ్వొస్తది."

సోమమ్మ కూతురి పక్కకు జరిగి కూర్చుంది. "మరి అన్నం ముంగట గట్ల బొమ్మ లెక్క కూసుంటవేందే?"

"నాలుగు దినాల సంది ఒక లెక్క వస్తలేదమ్మా. గది తలకాయలనే తిరుగుతున్నది." ఆగి, తండ్రి వైపు చూసింది. "నిద్ర గూడ వస్తది. అబద్ధం చెప్ప. కని క్లాసుల ఎప్పుడు రాదు. ట్యాంకర్ కాడ వస్తది, నిలవడ్డప్పుడు."

నాలుగున్నరకు లేపేది సోమమ్మ. బిందెలు లెక్కపెట్టేది రాజవ్వ. ఆ నీళ్లతో స్నానం చేసి డ్యూటీకి వెళ్లేది సంగప్ప. పిల్లకు పని ఎక్కువైందని మూడు వారాలుగా మాట్లాడుకున్నారు కానీ ఆ పనిలో తమ వాటా ఎంతో ఒక్కరికీ తోచలేదు.

"నీ నెత్తి మీది బిందె ఎవ్వలకు కనవడలే బిడ్డా," అంది రాజవ్వ.

సంగప్ప చాప మీద ముందుకు జరిగాడు. "గా రాని లెక్కేందో చూపియ్యి."

"నీకు తెల్వది నాయినా."

"చూపియ్యే."

మణి సంచీలోంచి కొత్త నోటుబుక్కు తీసింది. ఐదుగురు స్నేహితులు గుండ్రంగా కూర్చుని అన్నం తింటారు. ఎన్ని రకాలుగా కూర్చోవచ్చు? అదీ లెక్క. మణి నూట ఇరవై అని రాసింది. దాని చుట్టూ ఎర్ర సున్నా.

"వరసల కూసుంటే నూట ఇరవయ్యే," అంది మణి. "ముందుగాల ఎవరన్న ఒకరు, తర్వాత మిగిలిన నలుగురిట్ల ఒకరు, గట్ల. గుండ్రంగ కూసుంటే గూడ గంతే గద. మేడం కాదంటది."

ఆమె ఒక సున్నా గీసి, చుట్టూ ఐదు పేర్లు రాసి చూపించింది. పక్కన ఇంకొక సున్నా గీసి, అవే పేర్లు ఒక్కొక్క జాగా జరిపి రాసింది. "ఇది ఒకటి. ఇది ఇంకొకటి."

సంగప్ప రెండు బొమ్మల మీదికీ వంగాడు. లెక్క అర్థం కాలేదు. కానీ గుండ్రటి వస్తువు ముందుంటే అతని చెయ్యి చేసే పని ఒకటే. నోటుబుక్కును పట్టుకుని కొంచెం పక్కకు తిప్పాడు.

"ఇది ఇంకొకటి ఎట్లయితదే?" అన్నాడు. "మొదటిదాన్ని తిప్పితే రెండోది వచ్చె. రింగు తిప్పితే వేరే రింగయితదా? రింగుకు మొదలేడుంటది?"

మణి కదల్లేదు. కళ్లు మాత్రం ఒక పేరు మీది నుంచి ఇంకో పేరు మీదికి తిరిగాయి. పెన్సిలు తీసుకుంది. మూడో సున్నా, నాలుగోది, ఐదోది గీసి, పేర్లు రాసి, ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"ఒక్కదాన్నే ఐదు సార్లు లెక్కవెట్టిన," అంది మెల్లగా. "ఐదు సార్లు నాయినా. నూట ఇరవైని ఐదుతోని..." కింద ఇరవై నాలుగు అని రాసింది. మళ్లీ మొదటి నుంచి ఒకసారి చేసింది. మళ్లీ ఇరవై నాలుగే. అప్పుడు వచ్చింది నవ్వు. మొదట ముక్కులోంచి, తర్వాత కడుపులోంచి. నవ్వుతూ నవ్వుతూ నానమ్మ ఒళ్లోకి వాలిపోయింది.

"ఏమైందే దీనికి?" అని రాజవ్వ కూడా నవ్వింది.

సంగప్పకు కళ్లు మసకబారాయి. పద్నాలుగేళ్లలో ఎన్నో లక్షల మంచి రింగులు అతని చేతి మీదుగా వెళ్లాయి. ఒక్కటీ ఇలా నవ్వించలేదు. నాలుగు రోజులు అన్నంలో, బస్సులో, ట్యాంకరు వరసలో బిడ్డ మోసుకు తిరిగిన ఇలాంటి తప్పులనే అతను గడిలో గీతలుగా రాసి, బల్ల మీది నుంచి తోసేయబోయాడు.

ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సోమమ్మ చూడనే చూసింది. కొంగు చివర అతని చేతిలో పెట్టింది.

"రేపటి సంది నీళ్లకు నేను వోత," అన్నాడు ముఖం తుడుచుకుని.

"నీకు వరస తెలుస్తదా?" అంది సోమమ్మ. "ఆడోళ్లు నిన్ను నిలవడనియ్యరు."

"బిందె మంచిగున్నదో లేదో తిప్పి చూసుకుంట నిలవడితె ఎన్కవోళ్లు దంచుతరు కొడుకా," అంది రాజవ్వ. "పిల్ల ఊడ్చే వాకిలి గూడ నేను చూసుకుంట. కూసోని ఊడిస్త, ఏమైతది."

"ఆదివారం దీన్ని ఎవ్వరు లేపొద్దు," అంది సోమమ్మ. "ఎండ మీదవడ్డ సరే."

మణి లేచి కూర్చుంది. "మరి శనివారం మేడంకు ఏం చెప్తవు నాయినా?"

"ఏం చెప్త? ఇన్స్పెక్టర్ తప్పు చేసిండని చెప్త."

శనివారం అతను ఆ మాటే చెప్పాడు. కమలాకుమారి మేడం నవ్వి, రిజిస్టరులో వీరమణి పేరు పక్కన టిక్కు పెట్టింది. ఇరవై నాలుగు ఎట్లా వచ్చిందో మణి తనకు చెప్పిందంటూ, గుండ్రం లెక్కలు మొదలుపెట్టేటప్పుడు ఒక బేరింగు రింగు తెచ్చి పిల్లలకు చూపించగలరా అని అడిగింది. సంగప్ప ఆ పూటంతా ఫ్యాక్టరీలో ఎవరు పిలిచినా రెండోసారికి గానీ పలకలేదు.

సోమవారం నుంచి సాయంత్రాలు అతనే సైకిలు మీద బడి గేటు దగ్గరకు వెళ్లసాగాడు. మొదటి రోజు ఏడు గంటలకు ఎనిమిది మంది పిల్లలూ గోల చేసుకుంటూ బయటికి వచ్చారు. మణి వచ్చి వెనక క్యారియరు మీద కూర్చుంది. ఫ్యాక్టరీల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. రోడ్డు ఇంద్రేశం వైపు మళ్లే దాకా ఆగి అడిగాడు.

"ఇయ్యాల ఎన్ని?"

"నాలుగిచ్చింది. మూడు తప్పు."

"మంచి తప్పులేనా?"

"రెండు ఉత్తగనే తప్పినయ్. ఒకటి మాత్రం మస్తున్నది నాయినా. ఆఖరి దాక మంచిగనే వోయింది, ఆఖరుకు గలాట అయింది. మేడం గూడ జెర సేపు నెత్తి గోక్కున్నది. చెప్పాల్నా?"

"ఇప్పుడే చెప్పకు," అన్నాడు సంగప్ప. "ఇంటికి వోయినంక చెప్పు. మీ అమ్మ గూడ విననీ."

అని పెడల్ మీద లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టాడు.