తరుగు పోను తొంభై నాలుగు

మైదుకూరు బయట, తిరణాల మైదానానికి పోయే అడ్డదావలో మూతపడిన లారీల కాటా ఒకటి ఉంది. పొద్దు మునిగితే ఆ పక్కకు ఎవరూ పోరు. ఆడ ఇరవై ఏండ్లు తూకం రాసిన కోసిగి ఉరుకుందప్ప, ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు. అప్పటినుంచి రాత్రిపూట ఆ దావన పోయేవాళ్ల బరువు గదిలోంచి వినిపిస్తుందని చెప్తారు... గ్రాములతో సహా.

చెడ్డ దెయ్యమేం కాదు. కొట్టదు, పట్టదు. కానీ అడక్కుండా బరువు చెప్తే ఎవరికి మాత్రం బాగుంటుంది?

గుడ్డలంగడి కేశవయ్యకు అసలే బాగుండదు. ఎండాకాలంలో డాక్టరు ఆయన్ను నూనె వంటలు మానమన్నాడు. మానేసినానని భార్య సుందరలక్ష్మికి చెప్పినాడు. ఎనభై ఎనిమిది కిలోలకు దిగినానని కూడా చెప్పినాడు. ఆ పిచ్చితల్లి నమ్మి, ఆయనకు తోడుగా తనూ బజ్జీలు మానేసింది.

కార్తీకమాసం. తుఫాను ముసురు పట్టి మూడు దినాలైనా వదల్లేదు. అయినా తిరణాల ఆగుతుందా? రంగులరాట్నం ఆపి పట్ట కప్పేసినారు. చెక్కభజనోళ్లు బురదలో జారుతూనే ఎగురుతున్నారు. జనం నెత్తిన గోనెసంచులేసుకుని తిరుగుతున్నారు. గోడౌను కారుతుందేమో చూసొస్తానని ఇంట్లో చెప్పి, కేశవయ్య కూడా తిరణాలకు పోయినాడు. ఆ చలిలో మిరపకాయ బజ్జీల బాణలి ముందర నిలబడినాడు. ఏడు తిన్నాడు. జిలేబీల దగ్గరికి పోయినాడు. మళ్లీ బజ్జీల దగ్గరికొచ్చినాడు.

వచ్చేటప్పుడు తెలిసినోళ్లు ఎవరైనా చూస్తారని అడ్డదావ పట్టినాడు. సగం దూరం వచ్చినాడో లేదో, వాన జోరుగా అందుకుంది. కరెంటు పోయింది. తల దాచుకోవడానికి కాటా గది తప్ప ఇంకేమీ లేదు.

తలుపు లేదు. లోపల కన్ను పొడిచినా కనపడని చీకటి. నేలంతా నీళ్లు... కాలికి ఎత్తుగా ఏదో పలక తగిలింది. హమ్మయ్య అనుకుని దాని మీదికెక్కి నిలబడినాడు.

చెవి పక్కనే ఎవరో గుసగుసగా అన్నారు —

"తొంభై ఆరు కిలోల... నాలుగు వందల గ్రాములు."

కేశవయ్యకు దేవుణ్ణి తలుచుకుందామంటే ఒక్క పేరూ గుర్తుకు రాలేదు. ముప్పై ఏండ్ల వ్యాపారం మాత్రం నాలుక మీదే ఉంది.

"ఉరుకుందప్పన్నా..." అన్నాడు సన్నగా. "గుడ్డలు తడిసినాయి. ఆ నీళ్ల బరువుకు తరుగు తియ్యాల గదా."

చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి... ఎవరో లెక్క చూసుకుంటున్నట్టు కొంచెంసేపు...

"తరుగు పోను... తొంభై నాలుగు."

అంతలో మొహాన టార్చి వెలుగు పడింది. కేశవయ్య ఉన్నచోటే కూలబడినాడు.

వచ్చింది ఏసేపు. తిరణాలలో బరువు చూసే మిషను పెట్టుకునే మనిషి. వానకు తడుస్తుందని మిషను తెచ్చి ఈ గదిలో పెట్టినానని, కరెంటు లేకున్నా, మనిషి ఎక్కితే బ్యాటరీతో బరువు పైకి చెప్తుందని, భయపడొద్దని లేపి నిలబెట్టినాడు. వెలుగులో చూస్తే నిజమే — రంగుల బల్బులు, గుండ్రటి అద్దం, కింద పలక. కేశవయ్యకు నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వినాడు.

"నీ మిషను శానా తెలివైనదప్పా. అడిగితే తరుగు గూడా తీస్తాండాది."

ఏసేపు నవ్వలేదు. టార్చి మెల్లగా గది మూలకు తిప్పినాడు.

"అది ఢిల్లీలో కొన్నది సామీ," అన్నాడు గొంతు తగ్గించి. "హిందీ తప్ప దానికి ఇంకో ముక్క రాదు."

ఇద్దరిలో ముందు ఎవరు పరిగెత్తినారో ఇప్పటికీ తేలలేదు.

కేశవయ్య ఇంట్లోకొచ్చి పడి, వణుకుతూ వణుకుతూ జరిగిందంతా సుందరలక్ష్మికి చెప్పినాడు. ఆమె తువ్వాలు తెచ్చి ఆయన తల తుడుస్తా వినింది. చీకటి గది మాట చెప్పినా, గుసగుస మాట చెప్పినా, ఢిల్లీ మిషను మాట చెప్పినా ఆమె చెయ్యి ఆగలేదు.

అంతా విన్నాక ఆగింది.

"తరుగు పోయినాక గూడా..." అనింది నిదానంగా, "తొంభై నాలుగా?"