మార్చని మెసేజ్

ఆ రోజు ఆ ఇంట్లో నలుగురున్నారు. గోడకానుకుని చాప మీద మేనమామ గోవిందన్‌కుట్టి. వంటింట్లో గంజి కాస్తూ పక్కింటి కార్త్యాయని అమ్మ. చనిపోయిన తల్లి పడుకున్న గాలి పరుపును మడిచి తాడు కడుతూ కూతురు షైజ. పరుపు నర్సులకు తిరిగి ఇచ్చేయాలి. వరండా మెట్టు మీద కొడుకు ప్రజీష్. పొద్దున చితిలోంచి తల్లి ఎముకలు ఏరి వచ్చాడు. ఐదు రోజులుగా అక్క అతన్ని తిట్టడమే తప్ప మాట్లాడటం లేదు. అతనికి వరండాలోనే పడక.

ప్రజీష్‌తో పనిచేసే స్మేర గొడుగు ముడిచి మెట్టెక్కింది. అతను గబుక్కున లేచాడు.

"ఎందుకొచ్చావ్?"

"నిజం చెప్పడానికి."

"తప్పు నాదని అక్కకు చెప్పేశాను. నువ్వెళ్ళు."

"అందుకే వచ్చాను."

పాలక్కాడ్‌లోని చిన్న ఆఫీసులో వాళ్ళిద్దరివీ పక్కపక్క కుర్చీలు. ప్రజీష్ ఒక కమాండ్ లైబ్రరీ తయారుచేశాడు. పేరు చేర్చడానికి ఒక కమాండ్, పని ముగించడానికి ఒక కమాండ్. ఒకసారి రాసి పెడితే ఏ వెబ్ అప్లికేషన్‌లోనైనా మళ్ళీ వాడుకోవచ్చు. అతను బట్టల కొట్టు కోసం రాసిన కమాండ్లనే స్మేర మరోచోట వాడింది. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు నర్సులను పంపే సంస్థ అప్లికేషన్ అది. ప్రజీష్ తల్లిని చూసేదీ ఆ నర్సులే.

"నా కమాండ్లన్నీ వాడేసుకుంటావు. ఒక్క థాంక్స్ లేదు," అన్నాడతను ఆ వేళ.

"హోటల్లో తిన్నవాళ్ళు వంటవాడికి దండం పెడతారా?"

"వంటవాణ్ణి చేసుకునేవాళ్ళయితే పెడతారు."

స్మేర ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది. బయట వాన. లోపల చెవులు వేడెక్కిపోతున్నాయి.

"ఇదిగో, 'ముగించు' కమాండ్‌లో కొట్టువాళ్ళ మెసేజ్ ఉంటుంది. నొక్కగానే అవతలివాళ్ళ ఫోన్‌కు వెళ్ళిపోతుంది. మార్చావా? ఒకసారి వెళ్ళిపోతే మెసేజ్‌ను వెనక్కి తీసుకోలేం."

"మార్చాను మాస్టారూ!"

మార్చలేదు. టీ తాగొచ్చి మార్చుదామనుకుంది. టీ దగ్గర అతను, "ఆదివారం మా అమ్మను చూడ్డానికి వస్తావా?" అన్నాడు. ఆ తర్వాత ఆమెకు ఏదీ గుర్తులేదు.

ఆ ఆదివారం రానేలేదు. శుక్రవారం పొద్దున తల్లి పోయింది. నర్సు కళ్ళు తుడుచుకుంటూ అప్లికేషన్‌లో ఆవిడ పేరు దగ్గర 'ముగించు' నొక్కింది. తల దగ్గర దీపం వెలిగిస్తున్న షైజ ఫోన్ మోగింది.

'మాతో ఉన్నందుకు ధన్యవాదాలు! త్వరలో మళ్ళీ కలుద్దాం!'

తమ్ముడు రాసిన వాక్యమది. షైజ గుర్తుపట్టింది. "చూసుకోకుండా వదిలేశాను," అని తప్పు తన మీద వేసుకున్నాడతను.

"ఎవరది?" షైజ తాడు వదిలి గుమ్మంలోకి వచ్చింది.

"ఆఫీసు అమ్మాయి. వెళ్ళిపోతోంది," అన్నాడు ప్రజీష్.

"వెళ్ళను. షైజ చేచ్చీ," అంటూ అక్కా అన్నట్టే పిలిచింది స్మేర. "ఆ మెసేజ్ మార్చాల్సింది నేను. ఇతను అడిగాడు. మార్చానని అబద్ధం చెప్పాను. ఇతని తప్పు ఏమీ లేదు."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

షైజ తమ్ముడి వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

అతను తల దించుకున్నాడు.

"తెలిసీ ఐదు రోజులు కుక్కలా ఇక్కడ పడుకున్నావా? నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే వింటూ?"

"అక్కా..."

"ఈ పిల్ల కోసమా?"

అతని కంటే ముందే స్మేర అంది. "నా సంగతి నేను చెప్తాను చేచ్చీ. నాకు ఇతనంటే ఇష్టం. ఇతనికి చెప్పకముందే మీకు చెప్తున్నాను."

ప్రజీష్ తలెత్తాడు. ఇన్నాళ్ళూ ఆ మాట కోసం ఆమెను ఏడిపించినవాడు, ఇప్పుడు విని ఏడ్చాడు.

మేనమామ గొంతు సవరించుకున్నాడు. "ఆడపిల్ల ఇంత దూరం వానలో వచ్చి చెప్పింది, షైజా. కాసిన్ని మంచినీళ్ళయినా..."

"మీరుండండి మామా." షైజ తమ్ముడి భుజం పట్టుకుంది. "లోపలికి పద. గంజి తాగు. ఎముకలేరి వచ్చిన ఒళ్ళు, ఎలా వణుకుతోందో చూడు."

అతను గడప దగ్గర ఆగి వెనక్కి చూశాడు. అక్క అతన్ని మెల్లగా లోపలికి నెట్టి, తలుపు మీద చెయ్యి వేసింది.

"నిజం చెప్పావు. నా తమ్ముణ్ణి నాకిచ్చావు. అది మర్చిపోను," అంది స్మేరతో. గొంతులో కోపం లేదు, అదే స్మేరను భయపెట్టింది. "కానీ ఒకటి విను. వీడు కొట్టు కోసం ఆ మెసేజ్ రాస్తున్నప్పుడు, 'ఉత్త ధన్యవాదాలేమిట్రా, బోడిగా ఉంది, త్వరలో మళ్ళీ కలుద్దాం అని కూడా రాయి' అని చెప్పింది మా అమ్మ. ఆవిడ ఒళ్ళు చల్లబడకముందే ఆవిడ మాట నాకు ఫోన్‌లో వచ్చింది. నిన్ను చూసినప్పుడల్లా నాకు అదే వినబడుతుంది."

"మళ్ళీ ఎప్పుడైనా..." అనబోయింది స్మేర.

"ఆ మాట మాత్రం అనకు," అంది షైజ, తలుపు వేసేస్తూ.