వెన్లా చూపించిన చోటు

ఫిన్లాండ్ ఉత్తర కొసన, లాప్‌లాండ్‌లో అమ్మాయి "నువ్వంటే ఇష్టం" అన్నంత మాత్రాన అబ్బాయి ఎగిరి గంతేయక్కర్లేదు. బురదనేలల్లో అరుదుగా కాసే హిల్లా పండ్లు దొరికే చోటు చూపించిందంటే మాత్రం ఇక దిగుల్లేదు. ఆ చోటు సొంత అక్కచెల్లెళ్ళకు కూడా చెప్పుకోరు మరి.

వెన్లా ఓస్కరికి చూపించింది. పోయిన వేసవిలో, మోకాలిలోతు బురదనేలలో, దోమలు చెవిలో పాడుతుంటే.

"ఎవరికైనా చెప్పావో, చంపేస్తా," అంది బకెట్ చేతికిస్తూ.

"మా అమ్మకి?"

"ముందు ఆవిడకే చెప్పొద్దు."

ఓస్కరి చెప్పలేదు. కాకపోతే, కాలికి తగిలిన రాయి మెరుస్తోందని జేబులో వేసుకున్నాడు. అక్కడ రాళ్ళేరి ప్రభుత్వ భూగర్భ శాఖకు పంపడం చాలామందికి సరదా. మంచి రాయికి బహుమతి కూడా ఇస్తారు. అది తెచ్చి వెన్లా ముందు గొప్పగా నిలబడదామనుకున్నాడు పిచ్చి నాయన. ఫారంలో 'దొరికిన చోటు' అని ఉంటే మ్యాపు మీద శ్రద్ధగా చుక్క పెట్టాడు.

ఈ ఏడు మే నెల వచ్చింది, అక్కడ మంచు ఇంకా పూర్తిగా కరగలేదు. ఊరి హాల్లో గనుల కంపెనీ వాళ్ళు అందరికీ కాఫీ, బన్నులు ఇచ్చి, గోడ మీద మ్యాపు వేసి చూపించారు. అదే చుక్క. చుట్టూ ఎర్ర గీత. ఎవరో భూగర్భ శాఖకు పంపిన రాయిని బట్టి అక్కడ నికెల్ ఉండొచ్చట, కార్ల బ్యాటరీలకు కావాలట, ఊరి అభిప్రాయం కనుక్కోవడానికి వచ్చారట.

ఓస్కరికి బన్ను గొంతులో అడ్డం పడింది.

"ఎలక్ట్రిక్ కార్లు వద్దని ఎవరన్నారు?" అని లేచాడొక పెద్దాయన. "తవ్వుకునేదేదో ఇంకెక్కడైనా తవ్వుకోండి!"

హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది వెన్లా. ఆమె ఎలక్ట్రిక్ కారు బయట చార్జింగ్‌లో ఉంది.

"రాయి పంపింది మన ఊరివాడేనట," అంది ఓస్కరి చెవిలో. "దొరికితే ఆ బురదలోనే పాతేస్తా. అదేంటి, నీకు చెమటలు పడుతున్నాయి?"

"వెన్లా... అది నేనే."

"జోకులెయ్యకు."

అతని చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆమె కప్పు బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. సన్నగా వాన పడుతోంది. ఓస్కరి వెంటే పరిగెత్తాడు.

"ఎవరికీ చెప్పలేదన్నావు!"

"నోటితో చెప్పలేదు."

"అవును, రాసిచ్చావు!"

"బహుమతి వస్తే నీ ముందు గొప్పగా ఉంటుందని..."

"నేనడిగానా?"

ఓస్కరి తల దించుకున్నాడు. "సిగ్గుతో చచ్చిపోతున్నా వెన్లా. నీ మొహం చూడలేకపోతున్నా."

ఆమె విసురుగా చార్జింగ్ వైరు పీకింది. పీకి, దాన్ని చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వైరు వైపు చూసింది, తర్వాత కారు వైపు చూసింది.

"ఇంకెక్కడైనా తవ్వుకోమంటే చప్పట్లు కొట్టాను కదూ," అంది చివరికి, నెమ్మదిగా. "అక్కడా ఎవరో ఒకమ్మాయి ఉంటుంది. దానికీ ఒక చోటు ఉంటుంది. నాకూ సిగ్గుగానే ఉంది, పో."

ఓస్కరి తలెత్తకుండానే అన్నాడు, "మా తాత హిల్లా చోటొకటి ఉంది. మా నాన్నకి కూడా తెలీదు. నాకొక్కడికే చూపించి పోయాడు. అది నీకిచ్చేస్తా."

"ఇప్పుడక్కడ మంచు తప్ప ఏముంటుంది?"

"చోటుంటుందిగా."

వెన్లాకు నవ్వొచ్చింది, ఆపుకుంది. "ముందు లోపలికి పద. రాయి పంపింది నువ్వేనని అందరికీ చెప్పు. తర్వాత నా చప్పట్ల సంగతి నేను చెప్తా."

ఇద్దరూ వెళ్ళి చెప్పారు. ఓస్కరి చెప్పినప్పుడు హాల్లో ఒకరిద్దరు తిట్టారు. వెన్లా చెప్పినప్పుడు మాత్రం అందరూ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు.

తాత చోటుకు వెళ్ళేసరికి వాన వెలిసింది. వెన్లా రెండు ఫోన్లూ కార్లోనే పడేసి తాళం వేసింది.

"మ్యాపుల్లేవు, చుక్కల్లేవు. కింద రాళ్ళ వంక చూశావో, నీ సంగతి చెప్తా."

"మరెటు చూడను?"

"ఇటు," అంది వెన్లా.

ఓస్కరి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.