ఖాళీ నంబరులో అండాలు గొంతు

“కారుల ఈ పాత రేడియో డబ్బా తీసేసి టచ్ స్క్రీన్ పెట్టుకోరాదా సార్?” అంది తనూజ.

“డబ్బా అనకుండ్రి. మా అమ్మ ఏరికోరి పెట్టిచ్చింది. దాన్ని ముట్టుకోవద్దు,” అన్నాడు అభిలాష్.

అతని తల్లి అండాలు పోయి రెండు నెలలు. ఆమె ఫోనులో పంపిన మాటలను కారులో వినాలన్నది అతని కోరిక. తనూజకు అదేమీ తెలియదు.

జనగామలో ఆ కార్ల సామాన్ల దుకాణం ఆమెదే. అతని కారులోని సిగరెట్ లైటర్ గుంటలో చిన్న పరికరం గుచ్చింది.

“ఫోను దీనికి బ్లూటూత్‌తోని కలుస్తది. ఇది మీ రేడియోకు పంపుతది. ఎనభై ఎనిమిది పాయింట్ ఒకటి పెట్టుండ్రి. ఈడ ఆ నంబరుల ఏ స్టేషనూ రాదు.”

అందరికీ అదే నంబరు పెట్టడం ఆమె అలవాటు. పరీక్షకోసం దుకాణంలోని రేడియో కూడా దానిమీదే ఉండేది.

అభిలాష్ చెల్పూరు కరెంటు ప్లాంటులో ఇంజనీరు. ప్రతి ఆదివారం తరిగొప్పులలో తండ్రి దగ్గరి నుంచి డ్యూటీకి పోతూ దుకాణం ముందు ఆగేవాడు. ఫ్యూజో, వైపరో కొని, కారు అద్దాలెత్తి కాసేపు కూర్చునేవాడు.

అప్పుడు అతని కారులో మోగేదే దుకాణంలోని రేడియోలోనూ పలికేది. “బిడ్డా, తిన్నవా? పరకాల దాటినంక మెల్లగ పో.”

మొదటిసారి తనూజ ఉలిక్కిపడింది. కట్టేద్దామని చెయ్యి చాచి ఆగిపోయింది. మూడు ఆదివారాలు అలాగే గడిచాయి. ఎదురుచూపు ఆ గొంతు కోసమో, ఆ మనిషి కోసమో ఆమెకే తెలియలేదు. చెబితే ఇక రాడు. చెప్పకుండా వినడం దొంగతనం.

నాలుగో ఆదివారం వెళ్ళి కారు అద్దం తట్టింది.

“మీ అమ్మ మాటలు నా రేడియోల ఇనవడుతున్నయి. నంబరు మార్చుకోండ్రి. తప్పు నాదే.”

“ఎప్పటి సంది?”

“మూడు వారాలాయె.”

“బంద్ చెయ్యలేదా?”

“చెయ్యబుద్ధి కాలే.”

అతను కారు స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం రాలేదు. తనూజ రేడియో ప్లగ్గు పీకేసింది.

ఆ పై వారం మిట్టమధ్యాహ్నం కారు వచ్చి ఆగింది.

“ఇంకొకటి ఉంది,” అన్నాడు అభిలాష్. “అమ్మ పోయిన రోజు పంపింది. నేను డ్యూటీల ఉంటి. ఇప్పటిదాంక తెరవలే. ఒక్కన్నే ఇనలేను. జర కూసుంటరా?”

ఆమె పక్క సీట్లో కూర్చుంది. అతను ఫోను మీద వేలు పెట్టాడు.

“బిడ్డా, చింతకాయ తొక్కు డబ్బ ఈడనే మరిచిపోతివి. గిట్లయితే ఎట్లరా నీతోని?”

అంతే. అతను నవ్వబోయాడు. నవ్వు మధ్యలో విరిగిపోయింది. తనూజ అటు చూడకుండా రోడ్డువైపు చూస్తూ కూర్చుంది.

అతను కళ్ళు తుడుచుకున్నాక అడిగింది. “తొక్కు గూడ మరుస్తరా ఎవరన్న?”

“నేను మరుస్త.”

“వచ్చే వారం మా ఇంటి తొక్కు తెస్త. గని ఖాళీ డబ్బ తిరిగిస్తే మా అమ్మ ఊకోదు.”

“మరేం పెట్టియ్యాలె?”

“మీ ఇష్టం. నా చేతికి మాత్రం ఇయ్యద్దు. ఇంటికొచ్చి అమ్మ చేతికియ్యాలె.”

అతను తొలిసారి ఆమె కళ్ళలోకి చూశాడు.

“మా బాపును గూడ తోలుకొస్త.”

“అయితే ఇద్దరికి ఎక్కువ బియ్యం పొయ్యమని అమ్మకు చెప్త,” అంది తనూజ.