సున్నం కింది గోడ

తయీసియా రిమ్మా ఆఫీసులోకి వచ్చేసరికి ఆమె కోటు అంచున రక్తం ఇంకా ఆరలేదు.

"రిమ్మా ల్వోవ్నా, మా ఆయన్ని కాపాడండి! సవేలీ తాతను చంపాడని మిలీషియా పోలీసులు పట్టుకుపోతామంటున్నారు."

వోల్గా ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో రిమ్మాను మించిన ప్రైవేటు డిటెక్టివ్ లేదని ఆమె సహాయకుడు గ్లెబ్ నమ్మకం. ఇద్దరూ వెంటనే ఊరి పెద్ద చర్చి కెథెడ్రల్‌కు బయలుదేరారు. ఒకప్పుడు శిలువలు పీకేసి దాన్ని మ్యూజియం చేశారు. సోవియట్ రాజ్యం కూలాక చర్చివాళ్లు తిరిగి ఇమ్మంటున్నారు, మ్యూజియం వాళ్లు ససేమిరా అంటున్నారు. తయీసియా భర్త ఫాదర్ తీఖన్ చర్చి తరఫున ఆ గొడవలో ముందుండే మనిషి; రష్యా చర్చిలో పూజారులు పెళ్లాడవచ్చు.

కెథెడ్రల్ పక్క గదిలో ముసలి కాపలాదారు సవేలీ వెల్లకిలా పడి ఉన్నాడు. పుర్రె పగిలింది, ముఖం ఒక పక్క నుజ్జయింది. రిమ్మా శవం గోళ్లలో ఇరుక్కున్న పాత సున్నం పెచ్చులు చూసింది. గోడను తాకితే తడి సున్నం వేలికంటింది. మూలనున్న సున్నం బకెట్‌ను కర్రతో కెలికితే అడుగున సుత్తి తగిలింది. బకెట్ చుట్టూ చిందులు.

తీఖన్ అంగీ నిండా రక్తం; తయీసియా కోటుకు అంటింది అదే. "ప్రాణం ఉందేమోనని తల ఒళ్లో పెట్టుకున్నానమ్మా."

"మీరూ సవేలీ అరుచుకునేవాళ్లట?" అడిగింది రిమ్మా.

"రోజూ. అరుచుకున్నాక కలిసి టీ తాగేవాళ్లం."

మ్యూజియం డైరెక్టర్ బొరోవ్‌కొవ్ ఎర్రబడ్డ కుడికన్ను రుమాలుతో ఒత్తుకుంటూ వచ్చాడు. "జలుబండీ. నేనా గదిలోకి వెళ్లి వారమైంది. మా నాన్న పెట్టిన మ్యూజియం ఇది. ఈ గడ్డపాయన దీన్ని మింగాలని చూస్తున్నాడు. ఇంకా విచారణేంటి?"

మధ్యాహ్నం రిమ్మా అందరినీ ఆ గదికే పిలిపించింది. మిలీషియా అధికారి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇక్కడి గోడల మీద పాత బొమ్మలకు పూసిన సున్నం గీకే పని నీదేగా, తయీసియా. ఈ గోడ గీకు."

తయీసియా ఉలితో గీకగానే తడి సున్నం జారింది. ఇటుకల్లో తూటా గుంటలు బయటపడ్డాయి.

"ఇక్కడి పూజారులు విదేశాలకు పారిపోయారని బయట బోర్డు మీద రాశారు," అంది రిమ్మా. "పారిపోలేదు. ఈ గోడ దగ్గరే కాల్చేశారు. సవేలీ పాత సున్నం గీకి అది కనిపెట్టాడు. కాపలాదారు అలాంటి సంగతి ముందు ఎవరికి చెప్తాడు? డైరెక్టరుకే. తీఖన్‌కు ఈ గోడ దొరికితే ఊరంతటికీ చూపిస్తాడు గాని, మళ్లీ సున్నం పూసి దాచడు. చంపినవాడు సుత్తిని బకెట్‌లోకి గిరాటేశాడు, సున్నం చింది కంట్లో పడింది. ఒక్క కంటికే పట్టే జలుబు నేనెక్కడా చూళ్లేదు, బొరోవ్‌కొవ్. రెప్పల్లో తెలుపు ఇంకా పోలేదు."

బొరోవ్‌కొవ్ తయీసియా చేతిలోని ఉలి లాక్కుని రిమ్మా మీదికి దూకాడు. గ్లెబ్ అడ్డుపడ్డాడు, అతని చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. తీఖన్ బొరోవ్‌కొవ్ మెడ పట్టి నేలకేసి బాదాడు. రెండోసారి బాదబోతుంటే తయీసియా కేక వేసి ఆపింది.

"బోర్డు మారుస్తానన్నాడు ముసలాడు!" నోట్లోంచి రక్తం కక్కుతూ అరిచాడు బొరోవ్‌కొవ్. "ఆ బోర్డు మా నాన్న రాయించింది. ఆయన్ని హంతకుడంటే ఊరుకుంటానా?"

అతన్ని ఈడ్చుకుపోయారు. తయీసియా ఉలి తీసుకుని మళ్లీ గీకసాగింది. గుంటలు ఒక వరుసలో కనిపించాయి, గ్లెబ్ నడుం ఎత్తున.

"ఇంత కిందగా ఉన్నాయేం?" అన్నాడు గ్లెబ్, చేతికి గుడ్డ చుట్టుకుంటూ.

తీఖన్ గోడ ముందు మోకరిల్లాడు. గుంటలు సరిగ్గా అతని తల ఎత్తుకు వచ్చాయి.